బెజవాడ, గుంటూరు పెళ్లిళ్లకు పూల పని: ఎవరికి ఏది అప్పగించాలి

పెళ్లి పూలన్నీ ఒకే డెకరేటర్‌కు ప్యాకేజీగా అప్పగించడం ఇప్పుడు రెండు ఊళ్లలోనూ మామూలైపోయింది. అందులో మండపం, స్టేజీ చాలావరకు బాగానే వస్తాయి. దెబ్బతినేవి దండలు, పూలజడ. అందుకే మా సలహా ఇది: మండపం పని డెకరేటర్‌కు ఇవ్వండి, దండలూ జడా రోజూ పూలు కట్టే కొట్టువాళ్లకు విడిగా చెప్పండి.

కారణం పూలు వచ్చే వేళలో ఉంది. మండపానికి వాడే గులాబీ, జర్బెరా, కార్నేషన్ ఎక్కువగా బెంగళూరు, హోసూరు వైపు నుంచి వస్తాయి. డెకరేటర్ వాటిని ముందురోజే దించుకుని నీళ్లలో పెడతాడు, తప్పులేదు. మల్లెమొగ్గతో అలా కుదరదు. తెల్లవారుజామున కోసిన మొగ్గ ఆ సాయంత్రానికల్లా విచ్చుకుంటుంది. మైలవరం వైపు తోటల నుంచి పొద్దున వచ్చిన సరుకు ఆ రోజే కుట్టాలి, కుట్టాక తడిగుడ్డ చుట్టి ఫ్యాను గాలి తగలని చోట ఉంచాలి. ముహూర్తం రాత్రి రెండింటికో మూడింటికో అయితే ఎంత జాగ్రత్తపడ్డా మొగ్గలు విచ్చుకుని జడ మీది డిజైన్ చెదిరిపోతుంది. అలాంటి పెళ్లికి కనకాంబరం ఎక్కువ, మల్లె తక్కువ వేయమనండి. జడ కొలత వధువు జడకే తీసుకోవాలి. సవరం వేస్తున్నారా లేదా ముందే చెప్పాలి, లేకపోతే బరువంతా జుట్టు మీద పడి నాలుగు గంటల్లోనే తలనొప్పి.

మాఘంలో పెళ్లి పెట్టుకున్నవాళ్లకు ఇంకో మాట. అప్పుడు మల్లె మన తోటల్లో ఉండదు. బదులుగా కాగడా పూలు ఇస్తారు. చూపుకు దగ్గరగానే ఉంటాయి కానీ మల్లె వాసన రాదు. మల్లెల ధర చెప్పి కాగడాలు కట్టే కొట్టుకు మళ్లీ వెళ్లక్కర్లేదు.

దండ ఎంచుకునేటప్పుడు గులాబీని కింద, తొడిమ దగ్గర వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే కొత్తది. మెత్తగా ఉంటే దండలు మార్చుకునే వేళకు రేకులు రాలతాయి. నీలం ఆర్కిడ్, ఆకుపచ్చ లిల్లీ లాంటివి రంగు పట్టించిన పూలు. తడి తెల్లగుడ్డతో రుద్దితే రంగు అంటుకుంటుంది, పట్టుచీర మీదా అంతే అంటుకుంటుంది, మళ్లీ పోదు. తీగతో కట్టిన దండకు మెడ దగ్గర గుడ్డ పట్టీ కుట్టించండి. తీగ మొన పట్టు పోగుల్ని లాగేస్తుంది.

ఇక మండపం. డెకరేటర్ ఆల్బమ్ చూసి ధర మాట్లాడకండి, దండల మధ్య ఎడం ఎంతో అడగండి. వెనక గోడ 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు అనుకుందాం. ఆరంగుళాలకొక బంతి దండ దించితే 25 దండలు, అంటే 200 అడుగులు. మూడంగుళాలకొకటి అయితే 49 దండలు, 392 అడుగులు. పూలు దాదాపు రెట్టింపు. ఫొటోలో ఉన్నది దగ్గర దగ్గరగా దించినదై, కొటేషన్ ఎడంగా దించే లెక్కతో వేసినదైతే పెళ్లిరోజు గోడ బోసిగా కనిపిస్తుంది. మూరల్లో లెక్క ఒప్పుకోవద్దు. మూర సుమారు అడుగున్నరే కానీ కొలిచే చేతిని బట్టి మారుతుంది. అడుగుల్లో రాయించుకోండి. ఏ పువ్వు, ఎన్ని కట్టలు, ఎక్కడ క్లాత్ పూలు అన్నదీ అందులోనే ఉండాలి. తలెత్తితే తప్ప కనిపించని పైభాగంలో క్లాత్ పూలు పెట్టినా మాకు అభ్యంతరం లేదు. పీటల చుట్టూ మాత్రం నిజం పూలే ఉండాలి.

పని తెలిసినవాడా కాదా అన్నది ఫోమ్ (పూల కాడలు గుచ్చే, నీరు పీల్చే మెత్తటి దిమ్మ) తడిపే తీరులో బయటపడుతుంది. ఫోమ్ ఇటుకను నీళ్ల మీద వదిలితే తనంతట తానే మునగాలి. తొందరపడి చేత్తో అదిమితే లోపల గాలి చిక్కుకుంటుంది, పైకి తడిగా ఉన్నా కాడకు నీరందదు, జర్బెరా తల వాలుస్తుంది. ఒకసారి వాడి ఎండిన ఫోమ్ మళ్లీ సరిగా నీరు పీల్చదు. ముందురోజు సాయంత్రం రిసెప్షన్ కూడా అదే హాల్లో అయితే స్టేజీ పూలే మండపానికి మారుస్తారా, కొత్తవి తెస్తారా అని తప్పక అడగండి. మార్చడం తప్పు కాదు, ఆ మేరకు ధర తగ్గాలి.

హోమం సెగ తగిలే చోట ఆర్కిడ్ వద్దు. బంతి, మామిడాకు అక్కడ బాగా నిలుస్తాయి, అదీ మంటకు అందనంత ఎత్తులో. పూల బకెట్లను క్యాటరింగ్‌వాళ్ల పళ్ల గదిలో పెట్టనివ్వకండి. మాగిన అరటి, మామిడి పళ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు కార్నేషన్, ఆర్కిడ్ రెక్కలు ముడుచుకుపోతాయి. ఎండాకాలం పెళ్లి, అదీ ఏసీ లేని హాల్లో, అయితే ఈ రెండింటి జోలికే వెళ్లకుండా బంతి, లిల్లీ, కొబ్బరాకు పనితో మండపం కట్టించండి. ఖర్చూ తగ్గుతుంది, నిండుగానూ ఉంటుంది.

అడ్వాన్స్ సగానికి మించి ఇవ్వొద్దు. మిగిలింది మండపం పూర్తయ్యాక కొంత, పూలు విప్పి హాలు శుభ్రం చేశాక కొంత. మేకులు, టేపు మరకలు వదిలేస్తే హాలువాళ్లు డిపాజిట్‌లోంచి కోస్తారు కాబట్టి, విప్పే పని ఎవరిదో, ఎన్నింటికి వస్తారో అదే కాగితం మీద రాయించుకోండి.