70 గంటలా, 48 గంటలా?

యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ సహవ్యవస్థాపకుడు నారాయణమూర్తి అన్నారు. 2025లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ 90 దాకా వెళ్లారు. ఫ్యాక్టరీ కార్మికులకు 1948 ఫ్యాక్టరీల చట్టం పెట్టిన హద్దు మాత్రం 48.

ఎక్కువ గంటలు: పని త్వరగా పట్టుబడుతుంది, పైవాళ్ల కంట్లో పడతారు. ఐటీలో అదనపు గంటకు అదనపు జీతం మాత్రం సాధారణంగా రాదు. నడుంనొప్పి ఫ్రీ.

టైముకి సీట్లోంచి లేవడం: ప్రమోషన్ ఆలస్యం కావచ్చు, "సీరియస్‌నెస్ లేదు" అని మాట పడాల్సిరావచ్చు. కానీ సాయంత్రాలు మిగులుతాయి. కొత్త కోర్సైనా, ఇంకో ఇంటర్వ్యూకి ప్రిపరేషనైనా అప్పుడే కుదిరేది. మన దగ్గర చాలామందికి జీతం గట్టిగా పెరిగేది కంపెనీ మారినప్పుడే కదా!

కంపెనీలో వాటా ఉన్నా, దగ్గరుండి నేర్పే బాస్ దొరికినా, మొదటి రెండు మూడేళ్లు మొదటిదే నయం. బాస్ వెళ్లేదాకా కుర్చీలో కూర్చోవడమే పనైతే, ఇంట్లో చిన్నపిల్లలుంటే, రెండోది.