బాడీ కెమెరా, ఖైదీల రికార్డు: కొన్నేళ్ల వాడకం తర్వాత ఒక వార్డరు సమీక్ష

సిబ్బందికి బాడీ కెమెరాలు, ఖైదీల వివరాలకు కంప్యూటర్ రికార్డు మా జైల్లో దాదాపు ఒకేసారి వచ్చాయి. కొన్నేళ్లుగా రెండింటినీ రోజూ వాడుతున్నాను. అందరూ గొప్పగా చెప్పుకునే కెమెరా కన్నా, పెద్దగా ఎవరూ పట్టించుకోని రికార్డే నన్ను ఎక్కువసార్లు కాపాడిందని చెప్పగలను.

కెమెరాతో ఉపయోగం లేదని కాదు. బటన్ నొక్కడానికి ముందు గడిచిన కొద్ది సెకన్ల దృశ్యం కూడా అందులో నిలిచి ఉంటుంది కాబట్టి, గొడవ ఎలా మొదలైందో విచారణలో తేలుతుంది. బలప్రయోగం మితిమీరిందని ఖైదీ ఫిర్యాదు చేసినప్పుడు అది అతనికీ మాకూ సమానంగా సాక్ష్యమవుతుంది. అయితే మాకిచ్చిన కెమెరాలో ఆ ముందరి సెకన్లకు శబ్దం ఉండదు, గొడవకు దారితీసిన మాట చాలాసార్లు సరిగ్గా అక్కడే పడుతుంది. పెనుగులాటలో క్లిప్పు ఊడిపోతే ఆపైన రికార్డయ్యేది పైకప్పే. రికార్డింగ్ మొదలుపెడుతున్నానని పైకి చెబితే కొందరు వెంటనే తగ్గుతారు గానీ, మత్తులో ఉన్నవారికి ఆ ఎర్రలైటు కంటికే ఆనదు.

రికార్డు సంగతి వేరు. ఒక రాత్రి డ్యూటీ దిగిపోతున్న సహోద్యోగి ఒక సెల్లు గురించి, "ములాఖత్ రద్దయింది, భోజనం ముట్టలేదు, పిలిస్తే పలకడం లేదు" అని రాసి వెళ్లాడు. అది చదివినందువల్లే తెల్లవారి నేను ఒంటరిగా తాళం తీయకుండా మరొకరిని తోడు పిలిచి, తలుపు తెరిచే ముందు కిటికీలోంచి ఆ ఖైదీతో కాసేపు మాట్లాడాను. కోర్టులో బెయిలు ఎవరికి రాలేదు, ఎవరు ఎవరికి బాకీపడ్డారు, ఎవరిని ఏ బ్యారక్‌కు మార్చారు అన్నవి ముందే తెలిస్తే సగం దాడులకు అవకాశమే ఉండదని నా నమ్మకం. అదే చోట "అంతా సవ్యం" అని రోజూ ఒకే మాట అతికించే వాళ్లూ ఉన్నారు. అలాంటి రికార్డు ఉన్నా లేనట్టే.

లోపాలూ చిన్నవి కావు. "ఎక్కువ ప్రమాదం" అని ఒకసారి నమోదైన ఖైదీ, ఏళ్ల తరబడి సవ్యంగా ఉన్నా ఆ గుర్తు చెరగక పనిశాలకు దూరమవుతున్నాడు. పునఃపరిశీలన తేదీ వేయనిదే నమోదు పూర్తికాని ఏర్పాటు ఈ సాఫ్ట్‌వేర్‌లో లేదు. 2015లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు ఖైదీల ఫైళ్లను గోప్యంగా ఉంచమంటూనే, కొన్ని పరిమితులకు లోబడి, తన ఫైలును చూసుకునే వీలు ఖైదీకి ఉండాలంటాయి. మా దగ్గర ఆ వీలు లేదు. తప్పు నమోదైతే చెప్పడానికి అతనికి దారి లేకపోగా, ఆ తప్పును నమ్మి మేమూ అతనితో అనవసరమైన కాఠిన్యంతో మెలుగుతాం.

రికార్డుకు ఐదింట నాలుగు, కెమెరాకు మూడు ఇస్తాను. కొత్త కెమెరాలకు ఈమధ్య మళ్లీ నిధులు వచ్చాయి. షిఫ్టు మారేటప్పుడు రికార్డు చదువుకోవడానికి ఒక పావుగంట డ్యూటీ సమయం మాత్రం ఇంకా మంజూరు కాలేదు.