పదో తరగతి తర్వాత ఇంటరా, పాలిటెక్నిక్కా: ఏది మేలు?

పదో తరగతి ఫలితాలు రాకముందే హైదరాబాద్‌లోని బాలానగర్, బోరబండ, జగద్గిరిగుట్ట బస్తీల్లో ప్రైవేటు జూనియర్ కాలేజీల తరఫున పిల్లలను చేర్పించే పీఆర్వోలు ఇంటింటికీ తిరగడం మొదలుపెడతారు. కాలేజీ గడప తొక్కని తల్లిదండ్రులకు వారు చూపించే దారి ఒక్కటే: ఇంటర్ ఎంపీసీ, ఆ తర్వాత బీటెక్. పాలిటెక్నిక్ గురించి చెప్పడానికి మాత్రం ఎవరూ ఇంటికి రారు.

ముందుగా కాలం లెక్క చూద్దాం. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపి ఆరేళ్లు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష అయిన పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరితే మూడేళ్లు పడుతుంది. ఆపై డిప్లొమా చేసినవారికి పెట్టే ప్రవేశ పరీక్ష ఈసెట్‌లో ర్యాంకు వస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు కనుక ఇంకో మూడేళ్లు, అంటే అదీ ఆరేళ్లే. డిప్లొమా చేస్తే పిల్లవాడు వెనకబడిపోతాడన్న మాట నిజం కాదు.

అసలు తేడా చదువు మధ్యలో ఆగినప్పుడు తెలుస్తుంది. మా నాన్నగారు బాలానగర్‌లో లేత్ మెషీన్ మీద పనిచేసేవారు. నేను డిప్లొమా చివరి ఏడాదిలో ఉండగా ఆయన చేతికి దెబ్బ తగిలి నెలల తరబడి పనికి వెళ్లలేకపోయారు. డిప్లొమా చేతికి రాగానే నేను ఉద్యోగంలో చేరి, ఇల్లు కుదుటపడ్డాక ఈసెట్ రాశాను. అదే స్థితిలో నా దగ్గర ఇంటర్ మెమో మాత్రమే ఉంటే ఏ ఫ్యాక్టరీ నన్ను సూపర్‌వైజర్‌గా తీసుకునేది కాదు. రైల్వేలో జూనియర్ ఇంజినీర్ పోస్టులకు సైతం డిప్లొమా అర్హత సరిపోతుంది గాని ఇంటర్ సరిపోదు.

ఇంకొక సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఇంటర్ పుస్తకాలు తెరిస్తే మా నాన్నగారికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదేమో. కాని ఒక రాత్రి నేను మెషీన్ డ్రాయింగ్ షీటు నేల మీద పరచి గీస్తుంటే, ఆయన పక్కన కూర్చుని ఒక బోరు (రంధ్రం) మీద వేలు పెట్టి, "ఇందులో షాఫ్టు బిగుతుగా కూసోవాల్నా, తిరగాల్నా? అది రాయకపోతే మెషీన్ మీద ఉన్నోనికి ఎట్ల తెలుస్తది బిడ్డా?" అని అడిగారు. మర్నాడు మా లెక్చరర్ ఎర్ర పెన్నుతో చుట్టింది సరిగ్గా ఆ చోటే. చేతిపని తెలిసిన తల్లిదండ్రులు పిల్లల చదువులో పాలుపంచుకునే అవకాశం ఈ దారిలో ఎక్కువ.

అయితే పాలిటెక్నిక్‌కు లోపాలు లేకపోలేదు. పదిహేనేళ్లకే బ్రాంచి తేల్చుకోవాలి. డాక్టరు కావాలన్న కోరిక ఉన్న పిల్లలకు మామూలు దారి ఇంటర్ బైపీసీయే. ఈసెట్ ద్వారా వచ్చిన పిల్లలకు రెండో సంవత్సరం గణితం కొంతకాలం గట్టిగానే తగులుతుంది, నాకూ తగిలింది. మనసు ఇంకా ఏ వైపూ మొగ్గని పిల్లలకు ఇంటరే మేలు, కాని దానికోసం అప్పు చేసి హాస్టల్ ఫీజు కట్టనక్కరలేదు: ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ట్యూషన్ ఫీజు లేదు.

ఇంటర్ దారిలో ఖర్చు బీటెక్ దగ్గర పెరుగుతుంది. నగరంలో ఏడాదికి 2,00,000 రూపాయల లోపు ఆదాయమున్న బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనకబడిన) కుటుంబాల పిల్లలకు బీటెక్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 10,000 లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే ప్రభుత్వమే ఫీజు భరించడం, వర్తిస్తుంది. ఆ ర్యాంకు దాటితే సాధారణంగా 35,000 రూపాయల వరకే వస్తుంది, మిగతాది ఇంటి నుంచే కట్టాలి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఆ సాయం కూడా ఉండదు.

దినదినం కూలి మీద నడిచే ఇంటికి, యంత్రాలంటే ఆసక్తి ఉన్న పిల్లలకు నేను పాలిటెక్నిక్కే చెబుతాను. పదో తరగతి పరీక్షలు రాస్తున్నవారు కూడా పాలిసెట్‌కు దరఖాస్తు చేయవచ్చు; ఫలితాల దాకా ఆగితే గడువు దాటిపోవచ్చు. మీసేవలో ఆదాయ, కుల ధ్రువపత్రాలు ముందే తీసుకుని, ఏదో ఒక పనిదినాన పిల్లలను మాసబ్ ట్యాంక్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌కు తీసుకువెళ్లి, అనుమతి అడిగి వర్క్‌షాపు చూపించండి. అక్కడ లేత్ ముందు పిల్లవాడు ఎంతసేపు నిలబడ్డాడో గమనించి, ఆ తర్వాతే పీఆర్వోకు జవాబు చెప్పండి.