నల్ల కారుపై నాలుగేళ్ళు వాడిన డ్యూయల్ యాక్షన్ పాలిషర్: నా సమీక్ష

విజయవాడలో బోరు నీళ్ళతో కడిగే నల్ల కారు గతి ఏమవుతుందో, ఆ రంగు కొన్నవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. నీటిబొట్టు ఆరిన చోటల్లా తెల్లటి ఉప్పు మచ్చ మిగులుతుంది. దాన్ని పొడిగుడ్డతో రుద్దితే సన్నని గీతలు పడతాయి. సాయంత్రపు ఎండ ఏటవాలుగా తగిలినప్పుడు ఆ గీతలన్నీ కలిసి బానెట్ మీద సాలెగూడు అల్లినట్టు కనిపిస్తాయి. నా కారుకు రెండేళ్ళు నిండేసరికి ఈ స్థితి వచ్చింది. అప్పుడొక పెయింటింగ్ షెడ్డులో పాలిష్‌కు ఇచ్చాను. రోటరీ యంత్రానికి ఉన్ని ప్యాడ్ తగిలించి, గంటన్నరలో పని ముగించి ఇచ్చారు. షెడ్డు నీడలో అద్దంలా మెరిసిన బానెట్, మర్నాడు ఎండలోకి తీసేసరికి పొగ సుడులు తిరిగినట్టున్న చారలతో నిండి ఉంది. ఈ చారలనే ఈ పనివారు హోలోగ్రాములంటారు. వాటిని పోగొట్టడానికే ఈ డ్యూయల్ యాక్షన్ పాలిషర్ కొన్నాను.

రోటరీ యంత్రంలో ప్యాడ్ ఒకే ఇరుసు మీద తిరుగుతుంది కనుక కోత, అంటే పైపొరను అరగదీయడం ఎక్కువ, వేడీ ఎక్కువ. డ్యూయల్ యాక్షన్ యంత్రంలో ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే చిన్న వలయంలో కూడా కదులుతుంది. నా యంత్రంలో ఆ వలయం వ్యాసం 15 మి.మీ., ప్యాడ్‌ను పట్టి ఉంచే బ్యాకింగ్ ప్లేట్ 5 అంగుళాలు. గట్టిగా నొక్కితే ప్యాడ్ తిరగడం మానేసి ఊరికే వణుకుతుంది. మొదట్లో నాకిది లోపంగా తోచింది. కొత్తవాడి చేతిలో రంగు కాలిపోకుండా కాపాడేది సరిగ్గా ఈ గుణమేనని తరువాత అర్థమైంది. ప్యాడ్ తిరుగుతోందో లేదో తెలియడానికి ప్లేట్ అంచున మార్కర్‌తో ఒక గీత గీసుకున్నాను. నాలుగేళ్ళలో నాకు ఎక్కువగా ఉపయోగపడిన చిట్కా ఇదే.

కార్ల రంగుపై ఉండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్ మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే మామూలు కాగితం మందంలో సగం. గీతలు తీసే గరుకు పాలిష్ అయిన కాంపౌండ్ పెట్టిన ప్రతిసారీ అందులో కొంత అరిగిపోతుంది, అరిగినది తిరిగి రాదు. అందుకే నేను కాంపౌండ్ వాడింది రెండే సార్లు. మిగతా సమయాల్లో మెత్తని ఫోమ్ ప్యాడ్, సన్న పాలిష్‌తోనే సరిపెట్టుకున్నాను. మా నాన్నగారు తమ అంబాసిడర్‌ను పాత బనీను గుడ్డతో రుద్దేవారు, గుడ్డకు కారు రంగు అంటుకునేది. దానిపై క్లియర్ కోట్ లేదు కనుక అలా అంటేది. ఆ బనీను పద్ధతి నేటి కార్లకు పనికిరాదని ఇంట్లో పెద్దలను ఒప్పించడం, పాలిష్ పట్టడం కంటే కష్టమైంది.

యంత్రం కంటే ప్యాడ్‌లకే ఎక్కువ శ్రద్ధ పెట్టాలని ఆలస్యంగా తెలుసుకున్నాను. మొదట మూడే కొన్నాను. కారు మొత్తానికి ఆరైనా కావాలి, ఎందుకంటే పాలిష్, అరిగిన రంగుపొడి కలిసి ప్యాడ్ రంధ్రాల్లో పేరుకున్నాక అది కోయడం మానేసి వేడెక్కడం మొదలుపెడుతుంది. ఒక ప్యాడ్ జిగురు అలాగే ఊడిపోయింది. ఇప్పుడు ప్రతి డోరూ పూర్తికాగానే బ్రష్‌తో ప్యాడ్ దులుపుతున్నాను. ప్యాడ్ రంగును చూసి దాని మెత్తదనాన్ని అంచనా వేయకూడదు, ఒక కంపెనీ మెత్తటి ప్యాడ్‌కు వేసే రంగును మరో కంపెనీ గట్టిదానికి వేస్తుంది.

పని ఎప్పుడూ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే, పొద్దున్నే చేస్తాను. ఎండలో పాలిష్ పట్టిస్తే అరనిమిషంలో పొడిబారుతుంది. ముందు కడగడం, తరువాత జారుడు ద్రవం చల్లి క్లే బార్ అనే మెత్తటి మట్టి ముద్దతో అంటుకున్న మురికి లాగడం, నల్లటి ప్లాస్టిక్ భాగాలకు మాస్కింగ్ టేప్ వేయడం, ఇవన్నీ అయ్యాకే యంత్రానికి కరెంటు. రెండడుగుల చదరాన్ని ఒక భాగంగా తీసుకుని, చేతిని సెకనుకు అంగుళం వేగంతో అడ్డంగా, నిలువుగా నాలుగైదు సార్లు కదుపుతాను. తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీటితో తుడిచి, టార్చిని ఏటవాలుగా పట్టి చూస్తాను. పాలిష్‌లోని నూనెలు గీతల్ని తాత్కాలికంగా కప్పేస్తాయి కాబట్టి, ఇలా తుడవనిదే అసలు సంగతి బయటపడదు.

యంత్రంలో లోపాలూ ఉన్నాయి. బంపర్ వంపుల మీద 15 మి.మీ. వలయం మాటిమాటికీ నిలిచిపోతుంది. డోరు హ్యాండిళ్ళ చుట్టూ 5 అంగుళాల ప్యాడ్ పట్టనే పట్టదు. గంట దాటితే చేతివేళ్ళు తిమ్మిరెక్కుతాయి. మూడో ఏట బ్యాకింగ్ ప్లేట్ వెల్క్రో వేడికి పట్టు కోల్పోయింది, మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు ఒకసారి మార్పించాను. అంతకు మించి మోటారు ఇంతవరకు ఇబ్బంది పెట్టలేదు.

వ్యాక్స్ విషయానికి వస్తే, యంత్రంతో పూయడం మానేశాను. చేతి స్పాంజితో పలచగా పూసి, వేలితో గీస్తే మసక తేలిగ్గా చెదిరే దశలో తుడిచేస్తే సరిపోతుంది. కార్నౌబా వ్యాక్స్ బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. నల్ల రంగుపై దాని లోతైన మెరుపుకు సాటి లేదు, కానీ మే నెల ఎండల్లో నా కారుపై అది నెలన్నర కూడా నిలవలేదు. వ్యాక్స్‌కు బదులు వాడే కృత్రిమ పూత, సింథటిక్ సీలెంట్, ఐదు నెలల వరకు నీటిని ముత్యాల్లా జార్చింది. అందువల్ల వేసవికి ముందు సీలెంట్, దసరాకు ముందు వ్యాక్స్ అని నియమం పెట్టుకున్నాను. వ్యాక్స్ ఉన్న బానెట్‌పై ఆయుధపూజ నాడు పెట్టిన పసుపు, కుంకుమ మర్నాడు తడిగుడ్డకే వచ్చేస్తాయి.

మైక్రోఫైబర్ గుడ్డల్ని బట్టల కండిషనర్‌తో ఉతకకూడదు, పీల్చే గుణం పోతుంది. నేలపై పడిన గుడ్డను ఆ రోజుకు పక్కన పెట్టేయాలి. ఈ నియమం తప్పిన ఒక ఉదయం ఎడమ డోరుపై పడిన గీత, కాంపౌండ్‌కు కూడా లొంగక, నేటికీ అక్కడే ఉంది.