పాత బ్యాక్‌హోకి వేయించిన హోస్‌లు: అయిదేళ్ల వాడకం తర్వాత

మా అల్లూరు వైపు ఏ కంపెనీ బ్యాక్‌హోనైనా జేసీబీ అనే పిలుస్తారు, అందుకని కంపెనీ పేరు పక్కన పెడతాను. హోస్‌లంటే బండి చేతిని, బకెట్‌ని కదిపే నూనెని ప్రెజర్‌తో మోసే రబ్బరు గొట్టాలు. నాది 2009 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇస్కపల్లి దాకా రొయ్యల గుంటల్లో పూడిక తీయడం, కట్టలు వేయడమే దీని పని. ఉప్పు గాలి, ఉప్పు బురద. కొన్న ఏడాదే బూమ్ (బండి పొడవాటి చెయ్యి) మీదుగా అదే నూనె వెళ్లే ఇనుప పైపుకి క్లాంపు కింద తుప్పు తినేసి సన్నటి చిల్లు పడింది.

ఊళ్లోనే గ్యాస్ వెల్డింగ్ పెట్టించాను. ఇరవై రోజులు ఆగింది, తర్వాత అతుకు పక్కనే చిట్లింది. తుప్పుకి పల్చబడిన పైపు ఒక్క చోటే పల్చబడదు కదా. పైగా నూనె తడి ఉన్న పైపుకి మంట పెట్టడం ప్రమాదం. ఆ చిట్లిన రోజు నూనె గుంటలో పడింది. "అన్నా, వారంలో రొయ్య పిల్ల వదలాల, ఇప్పుడు నేనేం చేసేది?" అని రైతు అడిగితే నా దగ్గర జవాబు లేదు. నూనె పడిన మట్టంతా తీసి బయట పోసి వచ్చాం.

ఆ తర్వాత నెల్లూరు ఆటోనగర్‌లో ఇనుప పైపు కొత్తది వంచించి, ఎనిమిది హోస్‌లు క్రింపింగ్ చేయించాను, అంటే చివర్లకి ఫిట్టింగులు మెషిన్‌తో నొక్కించి బిగించాను. అన్నీ టూ-వైర్, అంటే రబ్బరు లోపల ఉక్కు తీగ అల్లిక రెండు పొరలున్నవి. అర అంగుళం సింగిల్ వైర్ హోస్ పని ప్రెజర్ 160 బార్ (ప్రెజర్ కొలత), టూ-వైర్‌ది 275. ప్రెజర్ మరీ ఎక్కితే నూనె వదిలేసే రిలీఫ్ వాల్వు మా బండిలో తెరుచుకునేదే 200 దాటాక. చవకని సింగిల్ వైర్ వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. హోస్ మీద అచ్చు వేసిన తయారీ తేదీ కూడా చూసుకోండి, షాపులో ఏళ్లపాటు చుట్టి ఉన్నది వద్దు.

ఎనిమిదిలో ఆరు ఇప్పటికీ బండి మీదే ఉన్నాయి. పోయిన రెండూ మా బిగింపు తప్పు వల్లే పోయాయి. ఒకటి పాతదాని కొలతకి సరిగ్గా కోయించాను. ప్రెజర్ ఎక్కితే హోస్ పొడవు కొంచెం తగ్గుతుంది, కాస్త వదులు ఇవ్వకపోతే లాగుడంతా ఫిట్టింగ్ దగ్గరే పడుతుంది. నాలుగు నెలలకే ఫెరూల్ (హోస్ చివర నొక్కిన లోహపు తొడుగు) నుంచి ఊడొచ్చింది. రెండోది నట్టు బిగించేటప్పుడు మెలి తిరిగింది. హోస్ పొడవునా ఉండే అచ్చు గీత తిన్నగా ఉందో లేదో చూసుంటే అప్పుడే తెలిసేది. అప్పట్నుంచి రెండు స్పానర్లతో, ఒకటి ఆపి పట్టుకుని ఒకటి తిప్పి బిగిస్తున్నాం.

రాపిడికని పాత సైకిల్ ట్యూబు తొడగడం కూడా మానేశాం. ఉప్పు బురద దాని లోపల చేరి ఆరదు, ఫెరూల్ తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ స్పైరల్ గార్డు వేస్తే సాయంత్రం మంచినీళ్లు కొట్టగానే బురద కారిపోతుంది.

కోన్ జాయింట్లకి, అంటే శంకువు ఆకారపు ముఖాలు ఒకదానికొకటి నొక్కుకునే అతుకులకి, టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. అక్కడ నూనె కారకుండా ఆపేది మర కాదు, కోన్ ముఖం. టేపు ముక్క ఊడి వాల్వులోకి పోతే ఇంకో ఖర్చు.

అన్నిటికన్నా ముఖ్యమైంది, లీకు ఎక్కడుందో చేత్తో తడమొద్దు. సూది రంధ్రంలోంచి వచ్చే నూనె కంటికి కనబడదు గానీ చర్మంలోకి దూరిపోతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తే ఉంటుంది, నొప్పి కూడా మొదట తెలియకపోవచ్చు. కానీ అది వెంటనే ఆపరేషన్ చేయాల్సిన గాయం, ఆలస్యమైతే వేలు తీసేయాల్సి రావచ్చు. మా ఆపరేటర్ కుర్రాడు అలా చెయ్యి పెట్టబోతే గట్టిగా అరిచాను. ఇప్పుడు క్యాబిన్‌లో ఒక అట్టముక్క ఉంచాం, దూరం నుంచి దాన్నే ఆడిస్తాడు. నట్టు విప్పే ముందు బూమ్, బకెట్ నేలమీద పెట్టి, ఇంజన్ ఆపి, లివర్లన్నీ అటూ ఇటూ కదిపి ప్రెజర్ వదలాలి.

ఖర్చు విషయానికొస్తే మీటరున్నర హోస్ ఫిట్టింగులతో వెయ్యి చిల్లర పడింది. ఒక్క రోజు బండి ఆగితే పోయే బాడుగ అంతకంటే ఎక్కువ.

ఉన్న ఆరింటిలో ఎండ తగిలే వైపున్న రెండింటికి పై రబ్బరు పగుళ్లిచ్చింది. లీకు లేదు, అయినా ఎండాకాలం గుంటల పని మొదలవకముందే ఆ రెండూ మార్చేస్తున్నాను. ఈసారి కొలత బండి మీదే, బూమ్ పూర్తిగా చాపి తీసుకెళ్తాను.