ఇంటి ముందు జాగాకి తాండూరు బండ: రెండు వానాకాలాలు చూశాక

మా ఇంటి ముందు 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు జాగా ఉంది. గేటు నుంచి మెట్ల దాకా తాండూరు నీలం బండ, పాలిష్ చేయనిది, వేయించి రెండు వానాకాలాలు దాటాయి. కొత్తగా వేయించుకునేవాళ్ళు ఎవరడిగినా ఇదే తీసుకోమంటున్నాను, కానీ పాలిష్ చేసింది మాత్రం బయట వద్దు, ఆ తప్పు మేం చేశాం.

బండలు అమ్మే డిపోలో పాలిష్ బండ మీద నీళ్ళు చల్లి చూపించారు, ముదురు నీలంలో మెరిసిపోతుంటే నచ్చి మెట్లకి అదే వేయించాం. మొదటి వానకే అమ్మ రెండో మెట్టు మీద జారింది. రెయిలింగ్ చేతికి అందింది కాబట్టి సరిపోయింది, అయినా మోచెయ్యి వారం రోజులు వాచే ఉంది. ఆ మెట్లు పీకించి రఫ్ బండ వేయించాం. దాని మీద అరచెయ్యి ఆనిస్తే సన్నటి అలల్లాంటి ఎత్తుపల్లాలు తగులుతాయి, పొరలుగా చీల్చి తీసిన రాయి కదా, తడి కాలు కూడా గట్టిగా నిలుస్తుంది. ఇంకోటి, పొద్దున్నే తడిపి ముగ్గు పెడితే ఆ నీలం మీద తెల్ల గీత ఎంత స్పష్టంగా పడుతుందో! అమ్మకి మెట్ల మీద కోపం పోయింది దీనివల్లే.

మిట్టమధ్యాహ్నం ఎండకి ఇదీ కాలుతుంది, కానీ సాయంత్రం నాలుగు బకెట్లు నీళ్ళు కొడితే చల్లబడిపోతుంది. ప్లాస్టిక్ గడ్డి అలా కాదు. పిల్లల కోసం ఒక మూల అది పరిపించాం, ఏప్రిల్‌లో మా పాప చెప్పుల్లేకుండా దాని మీదికి వెళ్ళి ఏడుస్తూ వెనక్కి పరిగెత్తుకొచ్చింది, వానల్లో కింద నీళ్ళు నిలిచి వాసన కూడా. చుట్టి అవతల పడేసి ఎర్రమట్టి పోయించి నందివర్ధనం పెట్టాం.

తాండూరు రాయి వేయించేవాళ్ళు తప్పకుండా గుర్తుపెట్టుకోవాల్సింది యాసిడ్ సంగతి. ఇది సున్నపురాయి. పని అయ్యాక సిమెంటు మరకలు పోవడానికి కొందరు మేస్త్రీలు అలవాటుగా యాసిడ్ పోస్తారు, దీని మీద పడితే బుసబుసా నురగ వచ్చి పైపొర తినేస్తుంది. మా మేస్త్రీ నేను అరిచేలోపే పోసేశాడు, గేటు దగ్గర బండ మీద అరచెయ్యంత తెల్ల మచ్చ ఇప్పటికీ అలాగే ఉంది. మేస్త్రీకి మొదటి రోజే చెప్పేయండి, బాత్రూమ్ కడిగే యాసిడ్ కూడా దగ్గరికి రానివ్వొద్దు.

కారు నిలిపే చోట మాత్రం సిమెంటు పేవర్ బ్లాకులు వేయించాం, 80 ఎంఎం మందంవి. నడిచే దారికి 60 చాలు, బండి ఎక్కే చోట 80 లేకపోతే పగిలే ప్రమాదం ఉంది. కింద మొరం పోసి, దిమ్మిస కొట్టి, పైన రోబో ఇసుక (రాయిని పిండి చేసి తీసే ఇసుక) పరిచి పేర్చారు, సందుల్లోంచి కొంత నీళ్ళు భూమిలోకి ఇంకుతాయి, రేపు పైపు పగిలినా నాలుగు బ్లాకులు తీసి మళ్ళీ పెట్టుకోవచ్చు. చూడ్డానికి అంత అందం లేదు, అది ఒప్పుకోవాలి. ఏది వేసినా వాటం, అంటే నీళ్ళు పారే వాలు, గేటు వైపు ఉండాలి, మేం 10 అడుగులకి అంగుళంన్నర పెట్టించాం, ఇంతవరకు ఎక్కడా నీళ్ళు నిలవలేదు.

రాయి గురించి నాకు ఫిర్యాదు లేదు, పంపిన డిపో మీదే ఉంది. అంగుళంన్నర మందం అని డబ్బు తీసుకుని లోడులో సగానికి అంగుళం మందం బండలే కలిపారు, చీకటి పడ్డాక దించడంతో చూసుకోలేకపోయాం, వాటిలో మూడు పరుస్తుండగానే విరిగాయి. ఫోన్ చేస్తే రాయి అన్నాక అంతేనండీ అన్నారు. ఈ సంక్రాంతి తర్వాత పెరటి వైపు కూడా తాండూరే వేయిస్తున్నాం, ఈసారి వేరే డిపో నుంచి. పగలే లోడు దింపమని ముందే చెప్పాను, టేపు పట్టుకుని ఒక్కో బండా కొలిచాకే డబ్బులు ఇస్తాను.