పాత బేస్ గిటార్ వయసు తేల్చడం: ఏ ఆధారం ఎంతవరకు నిలబడుతుంది

పాత ఎలక్ట్రిక్ బేస్ గిటార్ ఏ సంవత్సరానిదో తేల్చడానికి ఉన్న పద్ధతులను నేను చాలా ఏళ్లుగా నా సొంత వాద్యం మీదా, మిత్రులు తెచ్చి చూపించిన వాద్యాల మీదా వాడుతున్నాను. అందరూ మొదట అడిగేది సీరియల్ నంబరు. ఇన్నేళ్ల వాడకం తర్వాత నా అంచనాలో అమెరికా కంపెనీ ఫెండర్ చేసిన బేస్‌ల విషయంలో అన్నిటికంటే బలహీనమైన ఆధారం అదే. నెక్ (వాద్యపు మెడ) మడమ మీద, అంటే బాడీలోని గుంటలో కూర్చునే భాగం మీద, ఉండే ముద్రకు మొదటి స్థానం ఇస్తాను. పాట్‌ల (శబ్దం, స్వరం మార్చే నాబ్‌ల కింది విద్యుత్ భాగాల) వెనుక అంకెలకు రెండో స్థానం ఇస్తాను, కానీ టంకం ఎవరూ ముట్టుకోనిదై ఉంటేనే. మిగిలినవన్నీ ఈ రెండింటినీ బలపరచడానికో, అనుమానించడానికో పనికొస్తాయి.

నా దగ్గరున్నది నాలుగు తీగల ఫెండర్ జాజ్ బేస్. 1960లో మార్కెట్లోకి వచ్చిన ఈ నమూనా, 1965 జనవరిలో కంపెనీ సీబీఎస్ అనే అమెరికన్ ప్రసార సంస్థ చేతికి వెళ్లిన తర్వాత అనేక చిన్న మార్పులకు లోనైంది. వయసు తేల్చేవారికి ఆ మార్పులే పెద్ద ఆస్తి. నా వాద్యం నెక్ ప్లేట్ (నెక్‌ను బాడీకి బిగించే లోహపు పలక) మీద పెద్ద ఎఫ్ అక్షరమూ, దాని పైన ఆరంకెల నంబరూ ఉన్నాయి. ఎఫ్ అక్షరం ఉన్నందువల్ల అది 1965కూ 1976కూ మధ్యదని తెలుస్తుంది. నంబరును ప్రచురిత పట్టికలతో పోలిస్తే 1967 కిందా 1968 కిందా రెండు చోట్లా సరిపోతుంది. ఇది పట్టికల లోపం కాదు. నంబర్లు చెక్కిన ప్లేట్లు డబ్బాలో కుప్పగా ఉండేవి. బిగించే కార్మికుడు చేతికి అందినది తీసి బిగించేవాడు తప్ప వరుస చూడలేదు. పైగా ఆ ప్లేటు నాలుగు స్క్రూలతో ఊడి వచ్చే లోహపు ముక్క. ఏ వాద్యం నుంచైనా తీసి మరో వాద్యానికి పెట్టవచ్చు. 1976 చివర్లో నంబరును హెడ్‌స్టాక్ (నెక్ పైచివరి తల) మీది డెకాల్‌లోకి (అంటించే అచ్చు గుర్తులోకి) మార్చి, ఎస్ అక్షరం తర్వాతి అంకె సంవత్సరాన్ని సూచించేలా చేశారు. చూడటానికి ఇది సులువే. అయితే డెకాల్‌లు ముందే అచ్చయి ఉండడం వల్ల ఎస్ 9తో మొదలయ్యే నంబర్లు 1980 దాటాక తయారైన వాద్యాల మీద కూడా కనిపిస్తాయి.

నెక్ ముద్ర వేరే స్థాయి సాక్ష్యం. 1962 తొలి నెలల వరకు నెక్ మడమ మీద నెలా సంవత్సరమూ పెన్సిల్‌తో రాసేవారు. ఆ తర్వాత రబ్బరు ముద్ర వచ్చింది. అందులో ఆంగ్లంలో నెల పేరులోని మూడు అక్షరాలు, సంవత్సరపు చివరి రెండంకెలు, చివర ఒక అక్షరం ఉంటాయి. ఆ చివరి అక్షరాన్ని చాలామంది నాణ్యత తరగతి అనుకుంటారు. నిజానికి అది నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే పట్టీ) దగ్గర నెక్ వెడల్పు: ఏ అంటే అంగుళంన్నర, బి అంటే అంగుళమూ ఎనిమిదింట ఐదు వంతులు, సి అంటే ఒకటిమ్ముప్పావు అంగుళం. నెలకు ముందు మరో అంకె కూడా ఉంటుంది. అది నమూనా సంకేతమే గానీ తేదీ కాదు. నా నెక్ మీద ఫిబ్రవరి 68కి ముందు 7 ఉంది. దాన్ని ఫిబ్రవరి ఏడో తేదీ అని చదివి, ఆ రోజునే వాద్యానికి పుట్టినరోజు చేసేవారు ఎందరో ఉన్నారు. ముద్ర చెప్పేది నెక్ తయారైన నెల మాత్రమే. ఆ నెక్ బాడీతో కలిసి పూర్తి వాద్యంగా బయటికి రావడానికి వారాలో నెలలో పట్టి ఉండవచ్చు. 1970ల నడుమకు వచ్చేసరికి ముద్రలు పొడవాటి అంకెల సంకేతాలుగా మారిపోయాయి. చాలా నెక్‌ల మీద అవి సరిగా కనబడవు కూడా. ఆ దశాబ్దపు వాద్యాలకు ఈ పద్ధతి బలం తగ్గుతుంది.

ఈ పద్ధతికి ఒక మూల్యం ఉంది, అది వాద్యమే చెల్లించాలి. నెక్ విప్పిన ప్రతిసారీ చెక్కలో స్క్రూలు కోసుకున్న మరలు కొంచెం అరుగుతాయి. అందుకే ఒకసారి విప్పినప్పుడే వెలుతురు సరిచూసుకుని అన్ని కోణాల్లో ఫోటోలు తీసుకోవడం, ఇక మళ్లీ విప్పకపోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. బిగించేటప్పుడు స్క్రూను ముందు ఎడమకు నెమ్మదిగా తిప్పాలి. పాత మర దొరికి టిక్కుమన్న చోటి నుంచే కుడికి తిప్పాలి. కరెంటు స్క్రూడ్రైవర్‌ను దగ్గరికి రానివ్వకూడదు. నెక్ గుంటలో కాగితపు పలక గానీ, సన్నని అట్టముక్క గానీ ఉంటే దాన్ని పారేయకుండా అదే చోట అదే దిశలో పెట్టాలి. తీగల ఎత్తు దాని మీద ఆధారపడి ఉంటుంది.

జాజ్ బేస్‌లో పాట్‌లు చూడటం ఇంతకంటే తేలిక. అవి విడిగా ఉన్న లోహపు ప్లేటుకు బిగించి ఉంటాయి కాబట్టి తీగలు వదులు చేయనక్కరలేదు. ఫెండర్‌దే మరో నమూనా ప్రెసిషన్ బేస్‌లో అవి పిక్‌గార్డ్‌కే (బాడీ మీది రక్షణ పలకకే) వేలాడుతాయి కాబట్టి తీగలు తీయక తప్పదు. పాట్ వీపు మీదో అంచు మీదో ఉండే సంఖ్యలో మొదటి మూడంకెలు తయారీదారును చెబుతాయి: 137 అంటే సీటీఎస్, 304 అంటే స్టాక్‌పోల్. తర్వాతి రెండంకెలు సంవత్సరం, చివరి రెండు ఆ సంవత్సరంలో వారం. ఉదాహరణకు 1376630 అంటే సీటీఎస్ 1966లో ముప్ఫయ్యో వారంలో చేసిన పాట్. 1950ల నాటి పాట్‌లలో సంవత్సరానికి ఒక్క అంకే ఉంటుంది. దశాబ్దాన్ని మిగతా లక్షణాలను బట్టి మనమే నిర్ణయించుకోవాలి.

ఇక్కడ నిగ్రహం కావాలి. పాట్ తేదీ చెప్పేది వాద్యం అంతకంటే ముందుది కాదని మాత్రమే, ఎంత తర్వాతిదో అది చెప్పదు. ఫెండర్ 1966లో పాట్‌లను భారీగా కొని పెట్టుకుంది. ఆ నిల్వ ఆ దశాబ్దం చివరి వరకు వాడుకలో ఉంది. నా వాద్యంలోని పాట్‌లు కూడా 1966వే. అమ్మకానికి పెట్టిన వాద్యాల్లో 1966 పాట్‌లను చూపించి వాద్యాన్నే 1966 నాటిదని చెప్పడం తరచూ కనిపిస్తుంది. నెక్ ముద్ర చూడకుండా ఆ మాట నమ్మడానికి వీల్లేదు.

పాట్ తేదీకి విలువ ఇచ్చేది టంకమే. కర్మాగారంలో పెట్టిన టంకం ఏళ్లు గడిచాక కాంతి తగ్గి బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ కాలపు ఫెండర్ వాద్యాల లోపలి కరెంటు తీగలకు ప్లాస్టిక్ తొడుగు కాక మైనం పట్టించిన గుడ్డ తొడుగు ఉంటుంది. ఒక అతుకు మాత్రం మెరుస్తూ, పక్కన ఫ్లక్స్ (టంకం పట్టేందుకు వాడే పదార్థం) మరక కొత్తగా కనబడితే ఆ పాట్ మార్చినదని గానీ, పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) తీసి పెట్టినదని గానీ అనుకోవాలి. పికప్‌కు తీగచుట్ట తెగి తిరిగి చుట్టించడం పాత బేస్‌లలో సాధారణమే, అది తప్పేమీ కాదు. కానీ అప్పుడు ఆ భాగం వయసును రుజువు చేయదు.

ఏదీ విప్పకుండానే బయటి లక్షణాలతో చాలా దూరం వెళ్లవచ్చు. ఈ పని నాకు అన్నిటికంటే ఇష్టం. నెక్ చివర, బాడీ వైపు నుంచి చూస్తే ఫ్రెట్‌బోర్డ్ (వేళ్లు నొక్కే పలక) రోజ్‌వుడ్, నెక్ మేపుల్ చెక్క కలిసే గీత కనిపిస్తుంది. అది తిన్నగా ఉంటే 1959 నుంచి 1962 నడుమ వరకు వాడిన మందపు పలక. వంపు తిరిగి ఉంటే ఆ తర్వాతిది. మొదటి జాజ్ బేస్‌లకు ఒకదాని మీద ఒకటి ఎక్కించిన జంట నాబ్‌లు ఉండేవి. 1962 నుంచి అవి పోయి మూడు నాబ్‌లు స్థిరపడ్డాయి. ఫ్రెట్‌బోర్డ్ అంచుకు బైండింగ్ (అంచుపట్టీ), చుక్కల స్థానంలో దీర్ఘచతురస్రాకారపు ఇన్‌లేలు (పొదిగిన గుర్తులు) 1966 ప్రాంతంలో వచ్చాయి. 1970ల మొదట్లో బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) వైపు పికప్ దాదాపు అరంగుళం వెనక్కి జరిగింది. దశాబ్దం నడుమ జాజ్ బేస్‌కు మూడు స్క్రూల నెక్ ప్లేట్ వచ్చింది. నా వాద్యానికి బైండింగ్, పెద్ద ఇన్‌లేలు, పాత దూరంలో పికప్‌లు, నాలుగు స్క్రూలు ఉన్నాయి. నెక్ ముద్రకు ముందే ఈ నాలుగూ కలిసి 1966కూ 1970ల తొలి ఏళ్లకూ మధ్య అనే పరిధిని ఇచ్చేశాయి.

అతినీలలోహిత దీపం కొనడం వృథా కాదు. పాత నైట్రోసెల్యులోజ్ లాకర్ పూత దాని కింద పసుపుపచ్చగా వెలుగుతుంది. తర్వాత చేసిన అతుకుపూతలు నల్లటి మచ్చలుగా బయటపడతాయి. ఫెండర్ 1968 ప్రాంతంలో పాలియెస్టర్ పూతకు మారింది. అయితే డెకాల్ పాడవకుండా హెడ్‌స్టాక్ ముఖానికి మాత్రం మరికొంత కాలం నైట్రోసెల్యులోజే వేసింది. నా వాద్యం బాడీ వెలగదు, హెడ్‌స్టాక్ ముఖం వెలుగుతుంది. ఫిబ్రవరి 1968 ముద్రతో ఇది చక్కగా కుదిరింది. ఈ కుదురుబాటు చూశాకే నాకు పూర్తి నమ్మకం కలిగింది.

ఇతర కంపెనీల బేస్‌లకు ఈ క్రమం తలకిందులవుతుంది. రికెన్‌బ్యాకర్ 1961 నుంచి 1986 వరకు జాక్ ప్లేట్ (కేబుల్ గుచ్చే చోటి పలక) మీద రెండక్షరాల సంకేతం వేసింది. మొదటిది సంవత్సరం, రెండోది నెల. ప్లేటు అసలుదైతే వెంటనే తేలిపోతుంది. గిబ్సన్ 1960లలో అవే నంబర్లను వేర్వేరు ఏళ్లలో తిరిగి వాడింది. దాని ఈబీ-0 బేస్ నంబరు ఒకటి రెండు మూడు సంవత్సరాలకు సరిపోవడం మామూలే కాబట్టి అక్కడ పాట్ తేదీలే దిక్కు. 1970ల చివరి జపాన్ ఐబనేజ్‌లలో మొదటి అక్షరం నెల, తర్వాతి రెండంకెలు సంవత్సరం. అంత నిజాయతీ గల నంబరు నేను వేరే చోట చూడలేదు.

వాద్యం వయసు చెప్పేటప్పుడు ఒక్క సంవత్సరం చెప్పి ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. నా బేస్ గురించి అడిగినవారికి నెక్ ఫిబ్రవరి 1968దనీ, పాట్‌లు 1966వనీ, టంకం చెదరలేదనీ, పూత మొదటిదేననీ, నంబరు వీటితో విభేదించడం లేదనీ చెబుతాను, ఫోటోలు చూపిస్తాను. కొనేవారు కూడా అమ్మేవారిని ఇదే తీరులో అడగాలి. నెక్ ఒక ఏడాదిదీ బాడీ మరో ఏడాదిదీ అయిన వాద్యం వాయించడానికి అద్భుతంగా ఉండవచ్చు, కానీ దాని ధర వేరు. ఆ తేడాను తేల్చే ఫోటోలు ఇవ్వడానికి అమ్మేవారు నిరాకరిస్తే, నంబరు ఎంత అందంగా ఉన్నా ఆ కొనుగోలును నేను సిఫారసు చేయను.